అంతర్వేది మొగ దగ్గర గట్టు మీద నుంచి గాలం: 150 గ్రాముల సీసం కూడా నిలవట్లేదు, ఏం చెయ్యాలి?

కొత్తగాలం:

నమస్కారం అండీ. చెరువుల్లో, రిజర్వాయర్లలో గాలం వెయ్యడం బాగానే అలవాటు. ఏటి మొగ దగ్గర మాత్రం ఇదే మొదలు. చోటు అంతర్వేది పల్లిపాలెం వైపు, వశిష్ఠ గోదావరి సముద్రంలో కలిసే దగ్గరికి కాస్త ఎగువన. పడవ లేదు, అంతా ఒడ్డు మీద నుంచే.

సామాను ఇది: 12 అడుగుల సర్ఫ్ రాడ్ (200 గ్రాముల దాకా విసరొచ్చు), 6000 సైజు రీలు, 0.40 మి.మీ. నైలాన్ దారం, 150 గ్రాముల గుండ్రటి సీసం, దాని పైన 3/0 గాలాలు రెండు. ఎర చెరువు వనామీ రొయ్య, తొక్క తీసి.

ఇబ్బందులు: సీసం పడ్డ రెండు నిమిషాలకే దొర్లుకుంటూ కిందికి పోయి ఒడ్డుకి చేరిపోతోంది. రొయ్య ఐదు నిమిషాల్లో మాయం, గాలం మాత్రం ఖాళీ. యాప్‌లో పోటు 10 గంటలకి నిండుతుందని ఉంటే 10:40కి కూడా నీళ్లు ఇంకా లోపలికే పోతున్నాయి. పున్నమి మర్నాటి లెక్క ఇది. యాప్ తప్పా, నేను చూసిందే తప్పా? 200 గ్రాముల సీసం కొంటే సరిపోతుందా? ఒడ్డు నుంచి పండుగప్ప పడాలంటే పోటు మంచిదా, పాటు మంచిదా?

మొగదరి:

యాప్ తప్పు కాదండీ. అది చెప్పేది నీటి మట్టం ఎప్పుడు బాగా ఎత్తున ఉంటుందో. మీ సీసాన్ని లాక్కుపోయేది మట్టం కాదు, వడి. సముద్రం ఒడ్డున మట్టం చూసి వడి అంచనా వేసినా పెద్దగా తేడా రాదు, ఏటి పాయలో వస్తుంది. మొగ దగ్గర పోటు నిండిపోయినా పైన నరసాపురం దాకా, ఇంకా పైకి కూడా పాయ నిండాలి కదా. అది నిండేదాకా నీళ్లు లోపలికి నడుస్తూనే ఉంటాయి. పాటుకీ ఇదే వరస: సముద్రం మళ్లీ లేవడం మొదలెట్టినా ఏరు కాసేపు కిందికే పారుతుంది. మీరు 10:40కి చూసింది సరిగ్గా ఇదే.

పైగా చాలా యాప్‌లు చూపించేది కాకినాడ పోర్టు లెక్క. మీరు నిలబడ్డ చోటికి తేడా ఎంతో ఏ యాప్ చెప్పదు, మీరే కట్టుకోవాలి. ఒక రోజు నీటి అంచున కర్ర గుచ్చి పది నిమిషాలకోసారి గీత పెట్టండి. నీళ్లు ఎక్కడం ఆగిన సమయం ఒకటి, నీళ్ల మీద చెత్త కదలడం ఆగిన సమయం ఒకటి, రెండూ వేరువేరుగా రాసుకోండి. రెండోదే మీకు కావలసింది. కాకినాడ లెక్కకీ దానికీ ఉన్న తేడాని ఒక పున్నమికి, ఒక అష్టమికి రాసుకుంటే ఎండాకాలమంతా అదే పనికొస్తుంది.

పోటుకీ పోటుకీ మధ్య సుమారు 12 గంటల 25 నిమిషాలు. అందుకే రోజుకి 50 నిమిషాలు వెనక్కి జరుగుతుంది. ఊళ్లో పెద్దవాళ్లు తిథి చూసి పోటు చెప్పడంలో మాయేం లేదు: ఒకే చోట ఒకే తిథికి పోటు దాదాపు ఒకే గంటకి వస్తుంది. ఒక విదియ నాటి గంట రాసుకుంటే వచ్చే విదియకీ అటూఇటూగా అదే.

ఇక మీరెళ్లిన రోజు. అమావాస్య, పున్నమిల పెద్ద పోటు సరిగ్గా ఆ రోజునే కాదు, ఒకటి రెండు రోజుల తర్వాత, పాడ్యమి విదియల్లో గట్టిగా ఉంటుంది. అంటే నేర్చుకోవడానికి ఉన్నవాటిలో కష్టమైన రోజునే ఎంచుకున్నారు. అష్టమి దాటాక నవమి, దశమిల్లో తేడా బాగా తగ్గుతుంది. మొదటి నాలుగైదు సార్లు ఆ రోజుల్లో వెళ్లండి.

రోజులో ఏ గంటకి వడి ఎక్కువో చూడటానికి పన్నెండో వంతుల లెక్క ఉంది. పోటుకీ పాటుకీ మధ్య 1.2 మీటర్ల తేడా ఉందనుకోండి. మొదటి గంటలో 10 సెం.మీ. ఎక్కుతుంది, రెండో గంటలో 20, మూడు నాలుగు గంటల్లో 30 చొప్పున, తర్వాత 20, ఆఖరి గంటలో 10. మధ్య రెండు గంటల్లోనే సగం నీళ్లు నడుస్తాయి, సీసం నిలవనిది అప్పుడే. మన తీరంలో మట్టం తేడా మీటరున్నర లోపే కదా, ఇంత వడి ఎందుకని చాలామంది అడుగుతారు. లోపల పాయ వెడల్పు, మొగ ఇసుక మేటలతో ఇరుకు. అంత నీరూ ఆ ఇరుకులోంచే పోవాలి మరి.

ఈ లెక్క ఏట్లో నీళ్లు తక్కువున్న నెలలకే. జూలై నుంచి సెప్టెంబరు దాకా వరద నీరు కలిస్తే పోటు పొట్టిదైపోతుంది, పాటు సాగుతుంది, గట్టి వరదలో పైనీరు అసలు వెనక్కి తిరగనే తిరగదు. ధవళేశ్వరం బ్యారేజీ దగ్గర 11.75 అడుగులకి మొదటి హెచ్చరిక, 13.75కి రెండోది, 17.75కి మూడోది. మొదటి హెచ్చరిక పడిందంటే ఇక ఆ వారం రాడ్ బయటికి తియ్యకండి.

సీసంపోగు:

200 గ్రాములు కొనకండి, డబ్బు దండగ. గుండ్రటి సీసం దొర్లడానికే పుట్టింది. 150 దొర్లితే 200 కూడా దొర్లుతుంది, కాకపోతే కాస్త నిదానంగా.

అసలు లాగుతున్నది సీసాన్ని కాదు, మీ దారాన్ని. లెక్క చూడండి: 0.40 మి.మీ. దారం 80 మీటర్లు నీళ్లలో అడ్డంగా ఉంటే ప్రవాహానికి ఎదురొడ్డే వైశాల్యం 320 చదరపు సెంటీమీటర్లు. అంటే 18 సెం.మీ. చదరపు పలకని ఏట్లో నిలబెట్టినట్టు. 150 గ్రాముల సీసం గుండు అడ్డకొలత 3 సెం.మీ. కూడా ఉండదు, దాని వైశాల్యం 7 చదరపు సెంటీమీటర్ల లోపు. దారమే దానికి నలభై ఏడు, నలభై ఎనిమిది రెట్లు! వడి రెట్టింపైతే లాగుడు నాలుగు రెట్లవుతుంది. కాబట్టి ముందు సన్నం చెయ్యాల్సింది దారం. 30 పౌండ్ల బలమున్న బ్రెయిడ్ (సన్న పోగులతో అల్లిన దారం) వెయ్యండి, మందం మీ నైలాన్ కన్నా బాగా తక్కువ. 250 మీటర్లు చాలు.

బ్రెయిడ్ ఒక్కటే కట్టి విసిరితే ప్రమాదం. దాని చివర లీడర్, అంటే మందపాటి నైలాన్ ముక్క, ఉండాలి. లెక్క తేలిక: సీసం ఔన్సుకి 10 పౌండ్లు. 150 గ్రాములంటే ఐదు ఔన్సుల పైచిలుకు, కాబట్టి 60 పౌండ్ల లీడర్. పొడవు ఎంతంటే, విసరబోయే ముందు రాడ్ చివర నుంచి సీసం వేలాడే మేర, రాడ్ పొడవు, రీలు మీద ఆరేడు చుట్లు కలుపుకుని 8, 9 మీటర్లు వస్తుంది. లీడర్ లేకుండా గట్టిగా విసిరితే దారం తెగి, సీసం తుపాకి గుండులా పోతుంది, పక్కన మనిషున్నా అంతే. బ్రెయిడ్ వేలిని కోస్తుంది, చూపుడు వేలికి తోలు తొడుగు వేసుకోండి. రెండు దారాల్నీ కలపడానికి ఎఫ్‌జీ ముడి సన్నగా ఉండి రింగుల్లో తట్టుకోకుండా జారుతుంది. అది చేతకాకపోతే డబుల్ యూని ముడి వెయ్యండి, కాస్త లావైనా నమ్మకం. ఏ ముడైనా ఉమ్మితో తడిపి నెమ్మదిగా బిగించాలి, పొడిగా బిగిస్తే వేడికి నైలాన్ పాడవుతుంది.

సీసం సంగతి. మీక్కావలసింది తీగల సీసం. పొడుగాటి సీసానికి ముక్కు దగ్గర నాలుగు స్టీలు తీగలు లంగరు కొక్కేల్లా బయటికి వంగి ఉంటాయి, ఇసుకలో గుచ్చుకుంటాయి. తీగ 1.6 నుంచి 2 మి.మీ. స్టెయిన్‌లెస్ స్టీలు, ఒక్కోటి 9, 10 సెం.మీ. పొడవు. ఇంట్లో పోసుకునేవాళ్లకి ఒక మాట: అచ్చులో ఒక్క చుక్క తడి ఉన్నా కరిగిన సీసం మొహం మీదికి చిమ్ముతుంది. అచ్చుని ముందు వేడిచేసి ఆరబెట్టాలి, పని ఆరుబయటే చెయ్యాలి, వంటకి వాడే గిన్నెలు ముట్టుకోకూడదు.

ఎంత బరువు? వడి కొలిచి చెప్పుకోవాలి. గట్టు మీద పది మీటర్లకి రెండు పుల్లలు గుచ్చి, ఎగువ పుల్లకి కాస్త ముందుగా నీళ్లలో కొబ్బరి డొక్క వెయ్యండి, రెండు పుల్లల మధ్య ఎన్ని సెకన్లు తీసుకుంటుందో చూడండి. 20 సెకన్లు పడితే 120 గ్రాముల మామూలు పిరమిడ్ సీసం కూడా నిలుస్తుంది. 10 సెకన్లంటే సెకనుకి మీటరు, 150 గ్రాముల తీగల సీసం కావాలి. ఆరేడు సెకన్లలో దాటిపోయిందంటే దేన్నీ నిలబెట్టాలని చూడకండి. రాళ్ల కట్ట వెనక నీళ్లు తిరగబడే చోటు వెతుక్కోండి, లేదంటే గంటసేపు టీ తాగి రండి.

విసరడంలో అందరూ చేసే తప్పు ఎదురుగా, నేరుగా విసరడం. ప్రవాహానికి ఎగువగా 45 డిగ్రీల్లో విసరాలి. పోటప్పుడు "ఎగువ" అంటే సముద్రం వైపు, పాటప్పుడు ఊరి వైపు, ఇది తారుమారు చెయ్యకండి. సీసం అడుగు తాకేదాకా దారం వదులుతూ ఉండండి, తాకగానే దారం ఒక్కసారి వదులవుతుంది. అప్పుడు వెంటనే బిగించకుండా ఇంకో 10, 15 మీటర్లు వదలండి. నీళ్లు ఆ దారాన్ని విల్లులా వంచుతాయి. ఆ వంపు వల్ల లాగుడు పైకి కాకుండా నేల వెంబడి పడుతుంది, తీగలు ఇంకా లోపలికి దిగుతాయి. బిగదీసిన దారం సీసాన్ని పైకెత్తుతుంది, వదిలిన దారం కిందికి నొక్కి పట్టుకుంటుంది. చెరువు గాలం చేతులకి ఇది అంత తొందరగా ఒంటబట్టదు.

గాలాలు రెండు వద్దు, ఒక్కటే. 60 పౌండ్ల నైలాన్ 75 సెం.మీ. ముక్క తీసుకుని దాని మీద ఒక స్వివెల్‌ని (రెండు కళ్లున్న, మెలి పడకుండా తిరిగే కీలు) జారేలా ఎక్కించండి, స్వివెల్ రెండో కన్ను మెయిన్ లీడర్‌కి. ముక్కకి ఒక చివర సీసం క్లిప్, రెండో చివర పూస, ఇంకో స్వివెల్, దానికి 60 సెం.మీ. గాలం దారం. చేప లాగినప్పుడు దారం జారి సీసం పైకి లేస్తుంది, రాళ్లలో ఇరుక్కోదు. పుల్లీ రిగ్ అంటారు దీన్ని.

సెవర్న్_తెలుగు:

బ్రిస్టల్ నుంచి రాస్తున్నాను. ఇక్కడి సెవర్న్ మొగలో పెద్ద పోట్లకి మట్టం తేడా 14 మీటర్ల దాకా ఉంటుంది, ప్రపంచంలో చాలా పెద్ద ఆటుపోట్లున్న చోట్లలో ఇదొకటి. అయినా ఇక్కడ కూడా ఒడ్డు నుంచి వేసేవాళ్లు సాధారణంగా 150, 170 గ్రాముల తీగల సీసం దాటరు. సీసంపోగు గారన్న వంపు పద్ధతే ఇక్కడా నడిచేది.

రెండు చేర్పులు. తీగల్లో రెండు రకాలు. స్థిరంగా ఉండేవి గట్టిగా పట్టుకుంటాయి కానీ పీకేటప్పుడు రాడ్ విరిగేంత పనవుతుంది, ఒండ్రులో మరీనూ. రెండో రకంలో తీగలు పూసల బలంతో సీసం పక్కనున్న గాడిలో నొక్కుకుని ఉంటాయి, గట్టిగా లాగితే వెనక్కి మడుచుకుపోతాయి. ముందు ఇవి కొనండి. మామూలు వడిలోనే జారిపోతుంటే పూసల్ని కాస్త బిగుతు చేసుకోవచ్చు.

రెండోది, కాటు ఎలా తెలుస్తుందో ఎవరూ చెప్పలేదు. వంపు పెట్టి వేసినప్పుడు రాడ్ చివర ప్రవాహానికి వంగి నిలబడి ఉంటుంది. చేప ఎర తీసుకుని కదిలితే సీసం ఊడుతుంది, దాంతో రాడ్ చివర కిందికి కాదు, పైకి లేచి నిటారు అవుతుంది, దారం వదులైపోతుంది. కొత్తవాళ్లు దీన్ని "సీసం జారింది" అనుకుని ఊరుకుంటారు. అలా వదులైతే గబగబా చుట్టండి, బరువు తగిలేదాకా. సర్కిల్ గాలమైతే (ములుకు లోపలికి వంగి ఉండేది) రాడ్ ఎగలాగొద్దు, చుడుతూ ఉంటే చాలు, మూతి మూలన అదే దిగుతుంది.

రాడ్ నిలబెట్టే కోణంలో మాత్రం చాలామందితో నాకు పేచీ. "ఎత్తుగా పెట్టు, దారం నీళ్లకి తగలదు" అంటారు. అలలున్న తీరంలో అది నిజం. ఏట్లో ఎత్తు పెంచితే లాగుడు పైకి మళ్లుతుంది, సీసం తొందరగా ఊడుతుంది. నా ఓటు 45 డిగ్రీలకి.

సీసంపోగు:

@సెవర్న్_తెలుగు మీ దగ్గర గుర్రపుడెక్క లేదు కాబట్టి 45 డిగ్రీలు అంటున్నారు. ఇక్కడ పాటు నీళ్లలో అది గట్టు వారనే కొట్టుకొస్తుంది, రాడ్ కిందికి ఉంటే ప్రతి గుత్తీ దారానికే. పోటుకి 45, పాటుకి నిటారు అనుకుందాం, పేచీ తీరిపోతుంది.

రొయ్యలతూము:

ఎర సంగతి నేను చెప్తాను, అసలు తప్పు అక్కడే జరుగుతోంది.

ఐదు నిమిషాల్లో రొయ్య పోవడానికి రెండు కారణాలు. తొక్క తీసిన వనామీ మెత్తన, విసిరే ఊపుకే సగం ఊడి గాల్లోనే పోతుంది. మిగిలింది పీతలు, చిన్న జెల్లలు కొరికేస్తాయి. ముందు రోజు రాత్రి రొయ్యల్ని తొక్కతోనే కళ్లుప్పులో పెట్టండి: డబ్బాలో ఒక వరస ఉప్పు, ఒక వరస రొయ్య. 12 గంటలకి నీరు దిగి గట్టిపడతాయి. గాలానికి తోక వైపు నుంచి గుచ్చి, ఒంపు వెంబడి ఎక్కించి, ములుకు తల దగ్గర బయటికి తియ్యండి. పైన ఎర కట్టే సన్నని ఎలాస్టిక్ దారం పది పన్నెండు చుట్లు చుడితే ఎంత విసిరినా ఊడదు, దానికి ముడి కూడా అక్కర్లేదు. గాలం ములుకు మాత్రం కప్పకండి, ఖాళీగా రావడానికి ఇదొక పెద్ద కారణం.

నీళ్లు బురదగా ఉంటాయి కాబట్టి చేప వాసన పట్టుకునే వస్తుంది. ఇరవై నిమిషాలకి రొయ్య తెల్లబడి చప్పగా అయిపోతుంది, కొరక్కపోయినా మార్చెయ్యండి. పీతల బెడద మరీ ఎక్కువైతే గాలం దారానికి చిన్న బెండు ముక్క ఎక్కించండి, ఎర నేల నుంచి జానెడు పైకి లేస్తుంది. కొయ్యింగ చేప ముక్క రొయ్య కన్నా ఎక్కువసేపు నిలుస్తుంది, చర్మం వైపు నుంచి గుచ్చండి.

రొయ్యకి 3/0 పెద్దది. గొరక, మాగ చేపలకి 1/0 చాలు. పండుగప్పకైతే బతికిన కొయ్యింగ, 6/0 సర్కిల్ గాలం. విసురు వలతో వేలెడంత కొయ్యింగలు పట్టి, అదే చోటి నీళ్లు పోసిన 20 లీటర్ల బక్కెట్లో ఆరేడుకి మించకుండా పెట్టండి, బ్యాటరీతో నడిచే గాలి పంపు ఉండాలి. ఇంటి నుంచి మంచినీళ్లు తెచ్చి పోస్తే ఉప్పు తేడాని తట్టుకోలేకపోవచ్చు. వడి ఎక్కువున్నప్పుడు గాలం పై పెదవికి గుచ్చాలి, అప్పుడే అది ప్రవాహానికి ఎదురు తిరిగి ఊపిరి తీసుకోగలదు. వీపుకి గుచ్చితే అడ్డం తిరిగి గిరగిరా తిరుగుతుంది, దారమంతా మెలిపడుతుంది.

పోటా, పాటా అన్నారు. పండుగప్ప వెంటబడి వేటాడే రకం కాదు, వడి పక్కన నీడలో కాపు కాసేది. పాటు ఆఖరి రెండు గంటల్లో మడ చెట్ల కాలవల్లోంచి రొయ్య పిల్లలు, చిన్న చేపలు పెద్ద ఏట్లోకి దిగక తప్పదు. కాలవ నోటి దగ్గర పరుగు నీరు, నిలకడ నీరు కలిసే చోట నీళ్ల మీద నురగ గీత కనపడుతుంది. ఎర పడాల్సింది ఆ గీతకి నిలకడ వైపు. దీనికి వంద మీటర్లు విసరక్కర్లేదు, చాలాసార్లు పదిహేను మీటర్లే. పోటు మొదటి రెండు గంటలు మొగ దగ్గరి మేటల అంచులు బాగుంటాయి, అక్కడ మాగ, పార ఎక్కువ. నడి వడిలో ఏదీ పెద్దగా తినదు, పూర్తి నిలకడలోనూ అంతే. నీళ్లు కదలడం మొదలైన తర్వాతా, ఆగబోయే ముందూ ఉన్న ముప్పావు గంట చూసుకోండి.

పడ్డాక జాగ్రత్త. పండుగప్ప దవడ ఆకురాయిలా ఉంటుంది, గాలం దారం 50 పౌండ్లకి తక్కువుంటే రాపిడికే తెగుతుంది. మొప్పల మూత అంచు బ్లేడు, అక్కడ వేళ్లు పెట్టకండి, కింది దవడ పట్టుకోండి. ఈ చేప చిన్నప్పుడు మగ, పెద్దయ్యాక ఆడగా మారుతుంది. బాగా పెద్దవన్నీ గుడ్లు పెట్టేవే కాబట్టి నా వరకు ఆరేడు కిలోలు దాటింది వదిలేస్తేనే మంచిదంటాను. కూరకీ చిన్నదే రుచి.

పులస గాలానికి పడుతుందా అని ముందే ఎవరూ అడక్కండి. అది నీళ్లలో నలుసుల్ని మొప్పలతో వడగట్టుకుని తినే చేప, మీ రొయ్య దానికి అక్కర్లేదు.

పంటురేవు:

అందరూ చేప గురించే రాశారు. ఆ చోట్లో మనిషి ఎలా పోతాడో కూడా రాయాలి.

ఇసుక మేట మీద నిలబడి వేసేవాళ్లు చూసేది ముందున్న నీళ్లని. పోటు ముందు నిండేది వెనక, మేటకీ గట్టుకీ మధ్యనున్న పల్లంలో. కాళ్ల దగ్గర పొడిగానే ఉంటుంది, వెనక్కి తిరిగేసరికి మొలలోతు, అది కూడా పరుగు నీరు. వెళ్లేటప్పుడే ఆ పల్లంలో ఒక కర్ర గుచ్చి మోకాలెత్తున గుడ్డ కట్టండి. గుడ్డకి జానెడు కిందికి నీళ్లొచ్చాయంటే గాలం నీళ్లలో ఉన్నా సరే లేచి రావాలి.

పాటప్పుడు ఒడ్డు అడుగున నీళ్లు ఇసుకని తొలిచేస్తాయి. పైన గట్టిగా కనిపించే అంచు కింద ఏమీ ఉండదు. నిట్టనిలువుగా తెగిన అంచుకి రెండు మీటర్ల ఇవతలే నిలబడండి. నేల మీద అంచుకి సమాంతరంగా సన్నని పగులు కనపడితే ఆ పగులుకి కూడా ఇవతలే.

ఒండ్రులో కాలు దిగితే రెండో కాలితో గట్టిగా తొక్కకండి, రెండూ దిగుతాయి. వెనక్కి వాలి, బరువు వీపు మీద వేసి, ఒక్కో కాలూ మెల్లగా కదిలించి తియ్యాలి. లోతు తక్కువ నీళ్లలో నడిచేటప్పుడు అడుగు ఎత్తి వెయ్యకుండా పాదం ఈడ్చండి, అడుగున పడుకున్న టేకు చేప (తోకలో విషపు ముల్లుండేది) ఆ కదలికకే తప్పుకుంటుంది. టేకు ముల్లు గానీ జెల్ల ముల్లు గానీ దిగితే ఓర్చుకోగలిగినంత వేడినీళ్లలో, సుమారు 45 డిగ్రీలు, అరగంట నుంచి గంటన్నర దాకా ఉంచితే నొప్పి దిగుతుంది. ఆ నొప్పిలో వేడి తెలియదు కాబట్టి నీళ్లని ఇంకొకరి చేత్తో చూడాలి, లేకపోతే ఒళ్లు కాలుతుంది. తర్వాత ఆసుపత్రి తప్పదు, ముల్లు ముక్క లోపల మిగిలితే పుండు పడుతుంది. ఛాతీ మీదో పొట్ట మీదో దిగితే పైకి తేలిన ముల్లు లాగకుండా నేరుగా ఆసుపత్రికే.

గాలం ఇరుక్కుంటే బ్రెయిడ్‌ని చేతికి చుట్టి లాగకండి. ఒక కర్రకి పది చుట్లు చుట్టి, రాడ్ పక్కన పెట్టి, మొహం దారం వైపు లేకుండా పక్కకి తిప్పుకుని వెనక్కి నడవండి. ఉరుము వినపడితే కార్బన్ రాడ్ కింద పెట్టి దూరంగా పొండి. ఒడ్డు మీదే కదా అని లైఫ్ జాకెట్ మానకండి.

ఇక ఊళ్లో పద్ధతి. ఏట్లో గుంజలు కనపడితే అక్కడ వల కట్టి ఉందని. దాని ఎగువన వేస్తే మీ తీగల సీసం వెళ్లి వలకే తగులుకుంటుంది. వల చిరిగితే ఆ ఇంటికి రోజు కూలీ పోయినట్టే. ముందు వెళ్లి "ఇక్కడ వేసుకోవచ్చా బాబాయ్" అని అడగండి, ఎక్కడ రాళ్లున్నాయో, ఎక్కడ సుడి ఉందో కూడా వాళ్లే చెప్తారు. ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా ఉండే వేట నిషేధం సముద్రంలోకి వెళ్లే మర పడవలకి, మోటారు పడవలకి. ఒడ్డు గాలానికి కాదు. కాకినాడ వైపు కోరింగ అభయారణ్యంలో మాత్రం గాలం వేస్తామంటే కుదరదు, అది వేరే లెక్క.

కొత్తగాలం:

అందరికీ చాలా థాంక్స్ అండీ. దశమి నాటికి బ్రెయిడ్, తీగల సీసం పెట్టుకుని పాటు ఆఖరి రెండు గంటలకి వెళ్తాను. రెండే సందేహాలు. గుర్రపుడెక్క దారానికి చుట్టుకుని రాడ్ కొన రింగు దగ్గర గుత్తిగా ఇరుక్కుంటోంది, ఇక చుట్టడం కుదరదు. దానికేం చెయ్యాలి? రాళ్ల కట్ట దగ్గర ప్రతిసారీ సీసం పోతే ఖర్చు ఎలా?

సీసంపోగు:

గుత్తి రింగు దాకా రావడానికి కారణం మీ లీడర్ మీద దాన్ని ఆపేదేమీ లేకపోవడం. రిగ్‌కి మీటరు పైన లీడర్ మీదే దారంతో చిన్న ఆపుడు ముడి వేసి, దాని పైన ఒక పూస పెట్టండి. జారుతూ వచ్చే చెత్త అక్కడే ఆగుతుంది, గాలం దాకా దిగదు. బ్రెయిడ్ మీద చేరింది చుట్టేటప్పుడు లీడర్ ముడి దగ్గర పోగవుతుంది. రాడ్ చివరికి రాకముందే ఆపి, రాడ్ కింద పెట్టి చేత్తో పీకెయ్యాలి. పెద్ద తెప్ప వస్తోందంటే మాత్రం ముందే దారం చుట్టేసుకోండి, తెప్ప తగులుకున్నాక ఏ దారమూ ఆగదు.

రాళ్ల దగ్గర సీసమే వద్దు. మెకానిక్ షాపులో పాత స్పార్క్ ప్లగ్గులు ఊరికే ఇస్తారు. రెండు మూడు కలిపి కడితే కట్ట వెనక నిలకడ నీళ్లకి సరిపోతాయి. వాటిని 12 పౌండ్ల పాత నైలాన్‌తో 20 సెం.మీ. కిందికి కట్టండి. ఇరుక్కుంటే అదొక్కటే తెగుతుంది, చేపా గాలమూ మిగులుతాయి. ఆ సన్న దారంతో మాత్రం పక్క నుంచి మెల్లగా విసరండి. తల మీదుగా గట్టిగా విసిరితే గాల్లోనే తెగుతుంది. గట్టు వారన పదిహేను, ఇరవై మీటర్ల పనే కాబట్టి అంత ఊపు అక్కర్లేదు కూడా.

రొయ్యలతూము:

కట్ట రాళ్లకి ఆలిచిప్పలు అంటుకుని ఉంటాయి, బ్రెయిడ్ తగిలిందంటే తెగినట్టే. అక్కడ లీడర్ 9 మీటర్లు కాదు, 15 కట్టుకోండి. దశమి నాడు వెళ్లేముందు రొయ్యలు నవమి రాత్రే ఉప్పులో వెయ్యడం మర్చిపోకండి.